చివరి బొమ్మను నిలిపింది నేను

నారాయణపేటకు ఇవతల ఉన్న ఒక చిన్న పట్నంలో ఒక ఆడమనిషి గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. ఆమె బాణామతి చేసి, చచ్చిపోయినవాడి మొహాన్ని ఊళ్లో అందరి టీవీల్లోకి రప్పించిందని. ఆ మాట అబద్ధం. ఆమెకు మంత్రాలు రావు. ఆ మొహాన్ని తెరమీద నిలిపింది నేను. ఎలా నిలిపానో, నోరు తెరవాల్సిన చోట ఎందుకు తెరవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కేబుల్ టీవీ డిజిటల్‌కు మారుతున్న రోజులవి. నేను జడ్చర్లలో ఒక కిరాయి గదిలో ఉంటూ, కేబుల్ కంట్రోల్ రూముల్లో రిసీవర్లు బిగించేవాణ్ని. ఇళ్లలో టీవీ పక్కన పెట్టుకునే చిన్న డబ్బాలు కావు అవి. పైనుంచి వచ్చే చానల్‌ను పట్టుకుని, దాని తాళం విప్పి, ఊరికంతా పంపే బరువైన పెట్టెలు. ముందువైపు వేలెడంత తెర, నాలుగు బాణం గుర్తుల మీటలు, వెనకవైపు ఫ్యాన్లు. ఒక్కో చానల్‌కు ఒక్కో పెట్టె. వాటిని ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటి బిగించి కరెంటు ఇస్తే గది మొత్తం తేనెపట్టులా హోరుమంటుంది.

ఆ ఊరి కంట్రోల్ రూము గుట్టమీద ఉండేది. రేకుల కప్పు, ఇనుప తలుపు, బయట పెద్ద పెద్ద జాలి డిష్షులు. గుట్టమీద గాలి ఎప్పుడూ ఆగదు. ఆ జాలిలోంచి పోయేటప్పుడు ఎవరో పళ్ల సందున ఊదినట్టు సన్నటి కూత వినిపించేది. పనిచేస్తున్నంతసేపు రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ని.

నేను పెట్టెలు బిగిస్తుంటే చూడటానికి ఆమె గుట్ట ఎక్కి వచ్చింది. గొర్లు కాసేవాళ్లింటి కోడలు. భర్త ఏడాదిలో ఎక్కువ రోజులు మంద వెంటే ఉంటాడు. ఆమె ఇంటర్ దాకా చదివి, కంప్యూటర్ నేర్చుకుని, బజారులో ఒక మేడగదిలో కూర్చుని కేబుల్ వాళ్ల లోకల్ చానల్ నడిపేది. దుకాణాల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి ఫొటోలు. ఆ ఊళ్లో ఇంటి మనిషి పోయి ఏడాదైన రోజున లోకల్ చానల్‌లో ఫొటో వేయించడం మర్యాద. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని, ఫొటో వచ్చే వేళకు దీపం ముట్టించి దండం పెట్టుకుంటారు. ఫొటో పోయి చీరల దుకాణం రాగానే లేస్తారు.

కేబుల్ ఓనరును అందరూ సేటు అనేవారు. ఆ రోజు ఆయన కూడా అక్కడే ఉన్నాడు. బయట డిష్షును వెంట్రుకవాసి తిప్పుతూ, లోపల అంకెలు చూస్తూ, చానల్ నంబర్లు మీటలతో ఎక్కిస్తూ పోయాను. ఎర్రదీపం ఒక క్షణం కొట్టుకుని ఆకుపచ్చగా మారితే సిగ్నల్ దొరికినట్టు. అన్నిటికన్నా కింద బిగించింది లోకల్ చానల్ పెట్టె. దానికి డిష్షుతో పనిలేదు. బజారు గదిలో ఆమె కూర్చిన బొమ్మలు తీగ మీదుగా గుట్టకు వచ్చి, ఈ పెట్టెలో దూరి, ఊరికి పోతాయి.

అన్ని పెట్టెల్లోనూ ఒక ప్రశ్న ఉంటుంది. వచ్చే సిగ్నల్ తెగిపోతే తెరమీద ఏముండాలి? నల్ల తెరా, రంగుల పట్టీలా, లేక ఆఖరున వచ్చిన బొమ్మా?

"నల్లగనే ఉంచుదాం సేటూ. తెగిందని జనాలకు తెలుస్తది," అన్నాను.

"తెలిస్తె తిడతరు భై. తెర నల్లగైతె నా ఫోన్ పేలిపోతది. బొమ్మ పోవొద్దు. అన్నిట్లకు గట్లనే పెట్టు."

పెట్టాను. పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక వార్తల చానల్ పెట్టె వెనక నుంచి తీగ పీకాను. గదిలోని చిన్న టీవీలో వార్తలు చదువుతున్న ఆవిడ సగం మాటలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. కనురెప్పలు సగం దిగి, కింద తెల్లగుడ్డు మాత్రం కనబడుతోంది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

సేటు నవ్వాడు. "గిట్ల మా ఇంట్ల నోరు గూడ ఒక తీగ వీకితె ఆగితె ఎంత బాగుండు."

"సేటమ్మకు చెప్పమంటవా?" అంది ఆమె. అంటూనే నావైపు తిరిగింది. ఆమె మొహంలో నవ్వు లేదు. "అన్నా, జల్ది పెట్టు ఆ తీగ. పానం పోయిన మొహం లెక్కుంది."

తీగ పెట్టాను. ఆవిడ రెప్పలెత్తి మిగతా వార్త చదివింది.

ఆమె పొరుగున ఒక ఆటోడ్రైవర్ ఉండేవాడు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఒకసారి వీళ్ల గొర్లు అతని కందిచేనులో పడ్డాయి. అతను గోడ మీదుగా నానా మాటలూ అన్నాడు. ఆమె కూడా ఊరుకోలేదు, "నీ నోరు పడిపోను" అంది. మా దిక్కు రోజుకు పదిసార్లు అనుకునే తిట్టు అది. ఆ తర్వాత కొన్నాళ్లకు అతనికి జ్వరం వచ్చింది. దవాఖానలో ఆఖరి రోజుల్లో అతనికి నిజంగానే మాట పడిపోయింది. పోయాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అయితే మరిచిపోనూ లేదు.

అతను పోయి ఏడాదైన రోజున అతని అన్న ఫొటో తెచ్చి ఆమెకే ఇచ్చాడు. ఆమె దండ బొమ్మ చుట్టి, పేరు కింద తేదీలు రాసి, వరసలో పెట్టింది. దాని తర్వాత వచ్చేది చీరల దుకాణం ప్రకటన. దుకాణదారు మోడల్‌కు ఖర్చెందుకని, ఎర్ర అంచు నారాయణపేట చీర కట్టించి ఆమెనే నిలబెట్టి ఫొటో తీయించాడు. తల కొంచెం వంచి, కళ్లు దించి, కొంగు పట్టుకుని నిలబడిన ఫొటో. ఒక బొమ్మ కరిగిపోతూ ఇంకో బొమ్మ తేలేలా కంప్యూటర్‌లో ఏర్పాటు ఉంది. కాసేపు రెండూ కలిసి కనిపిస్తాయి. కళ్లు మూసి తెరిచేంతసేపే కనక ఎవరూ పట్టించుకోరు.

ఆ మధ్యాహ్నం వాన. పెద్ద ఉరుము ఉరిమి బజారు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మేడగదిలో కంప్యూటర్ ఆరిపోయింది. ఆమె చీకట్లో కాసేపు కూర్చుని, కరెంటు రాదని తెలిసి, తాళమేసి, వానలో తడుస్తూ మంద కాడికి భర్తకు సద్ది తీసుకుపోయింది. గుట్టమీది గదికి మాత్రం బ్యాటరీలున్నాయి. మిగతా వీధులకు వేరే లైన్లో కరెంటుంది. నా పెట్టె నేను చెప్పినట్టే ఆఖరున వచ్చిన బొమ్మను పట్టుకుని కూర్చుంది.

నేను మక్తల్‌లో పనిమీద ఉంటే సేటు ఫోన్ చేశాడు. పెళ్లికని హైదరాబాద్ పోయి ఉన్నాడు. "ఊర్ల ఏందో లొల్లి అయితాందట. గుట్ట తాళంచెవి ఇంకోటి నీ తాన ఉంది గద. జర పోయి సూడు."

బస్సు దిగేసరికి వాన వెలిసింది, పొద్దు గూకుతోంది. వీధిలో మనుషులు లేరు. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. మొదటి ఇంట్లో టీవీ వెలుగుతోంది, శబ్దం లేదు. తెరమీద దండ వేసిన మగమనిషి. శ్రద్ధాంజలి అనుకుని ముందుకు నడిచాను. రెండో ఇంట్లోనూ అదే మొహం. చాయ్ హోటల్లో అదే. మంగలి దుకాణంలో తెర ఎదుటి అద్దంలో పడి రెండు మొహాలు. నేను నడుస్తుంటే ప్రతి గుమ్మంలోంచీ అతను నన్నే చూస్తున్నాడు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో అదుముకుని టీవీకి దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. మాట పాకినకొద్దీ ఇల్లిల్లూ లోకల్ చానల్ పెట్టి చూసినట్టుంది, పెట్టినవాళ్లు ఎవరూ ఆపలేదు. అలా ఎందుకని తర్వాత ఒకరిని అడిగాను. "ఆపుతె మా ఇంట్లనే ఉండిపోతడేమోనని," అన్నాడు.

చనిపోయినతని ఇల్లు గుట్టకు పోయే దారిలోనే. గుమ్మం ముందు జనం. లోపల అతని తల్లి, ముసలవ్వ, టీవీ ఎదురుగా నేలమీద కూర్చుని ఉంది. తెర ముందు ఒక గ్లాసులో చాయ్ పోసి పెట్టింది. మీద మీగడ కట్టింది.

"ఇంతసేపు ఎన్నడు కూసోలేదు బిడ్డా నాతోని," అంటోంది తెరతో. "ఎప్పుడు జూసినా ఆటో, ఆటో. ఇగ కూసో."

అప్పుడు బొమ్మను దగ్గర్నుంచి చూశాను. అతని మొహం మీద ఇంకో మొహం నీడలా ఉంది. అతని భుజం మీదుగా ఎర్ర అంచు చీర దిగుతోంది. అతని తెరిచిన కళ్ల మీద ఆమె దించిన కళ్లు పడి, ఆ చూపు మూసినట్టూ ఉంది, తెరిచినట్టూ ఉంది. నోటి మీద ఆమె కొంగు పట్టిన చెయ్యి. నోరు మూసినట్టే.

"గా చెయ్యెవరిదో సూడు," అని గుమ్మంలో ఒకాయన మెల్లగా అన్నాడు. చీరల దుకాణం ప్రకటనలో ఆ చెయ్యిని రోజూ చూసేవాళ్లే అందరూ. చెప్పాల్సిన అవసరం లేదు.

గుట్ట ఎక్కి తాళం తీశాను. లోకల్ చానల్ పెట్టె దీపం ఎర్రగా ఉంది. మీటలు నొక్కుతూ ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లి, చివరి బొమ్మ తీసేసి నల్ల తెర పెట్టాను. నా ముందున్న చిన్న టీవీలో మొహం ఆరిపోయింది. ఒక్క క్షణం గాలి కూత. తర్వాత కింద ఊళ్లోంచి ఒక ఏడుపు లేచింది. ముసలవ్వ గొంతు. కొడుకు రెండోసారి పోయాడు.

తెల్లారి సేటు వచ్చాడు. ఒక గోదాము ముందు రేకుల కింద పంచాయితీ పెట్టారు. ఆమెను పిలిపించారు. అంతకుముందే సేటు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "కొత్త మిషన్ల ఖరాబుందంటె సగం ఊరు ఇంకో కేబులుకు పోతది. ఖరాబు లేదను, గంతే. అబద్ధం గూడ కాదు గద." నాకు పెట్టెలిచ్చే డీలరు కూడా ఫోన్లో అదే చెప్పాడు. అవే పెట్టెలు ఇంకా చాలా ఊళ్లలో నేను బిగించాల్సి ఉంది.

ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. "సారు, సదువుకున్నోనివి. ఒక్కటే మాట. గా మిషన్ల ఏమన్న ఖరాబుందా?"

"లేదు. మిషన్ మంచిగనే ఉంది," అన్నాను.

నిజమే అది. పెట్టె తనకు చెప్పిన పని చేసింది. చెప్పిందెవరో నేను చెప్పలేదు. ఆ మాటతో అక్కడున్న మొహాలన్నీ నామీది నుంచి ఆమె మీదికి తిరిగాయి.

"అన్నా," అంది ఆమె. "ఆ దినం నా ముంగట్నే తీగ వీకితివి గద. సదివే ఆమె నోరు తెరిచినట్టే ఆగిపాయె గద. జర చెప్పరాదు."

సేటు నావైపు చూస్తున్నాడు.

"అది వేరే, చెల్లె," అన్నాను.

తర్వాత ఎవరో వెనక నుంచి, "పండ్లు రాలగొడితె మంత్రం నోట్లకెల్లి రాదు," అన్నారు. చనిపోయినతని అన్న చెయ్యెత్తి వద్దన్నాడు. "కొట్టుడు వద్దు. ఊరిడిసి పోతె సాలు." ఆమె భర్త దుప్పటి భుజాన వేసుకుని ఆ మాట విన్నాడు. పొద్దుగూకేలోపు మంద కదిలింది. ఆమె ఒకచేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేత్తో గొర్రెపిల్లను ఎత్తుకుని మంద వెనక నడిచింది. ఇంటికి తాళం.

ఆ తర్వాత బిగించిన ప్రతి చోటా నల్ల తెరే పెట్టాను. అయినా ఏ హోటల్లోనైనా టీవీ సడన్‌గా మూగబోతే నా చేతిలో ముద్ద ఆగిపోయేది. ఒకసారి నా కూతురితో ఫోన్లో వీడియో మాట్లాడుతుంటే నెట్ పోయి ఆమె మొహం రెప్పలు సగం దిగి ఆగిపోయింది. ఫోన్ మంచం మీదికి విసిరేసి బయటికి వచ్చాను.

ఏళ్ల తర్వాత హాలియా దగ్గర ఒక పనికి పోయాను. వరికోతలయ్యాక అక్కడి రైతులు ఎరువు కోసం పొలాల్లో గొర్ల మందలు పెట్టించుకుంటారు. మా దిక్కు నుంచి కాపరులు వస్తారు. కాలువ గట్టు మీద నడుస్తుంటే ఒక పొలంలోంచి పిలుపు.

"తీగలన్న గాదు?"

ఆమే. జుట్టు నెరిసింది. "బాగున్నవా చెల్లె?"

"గొర్లు బాగున్నయి."

నేను ఏదో అన్నాను. తప్పయిందన్నాను. ఆ రోజు చెప్పాల్సిందన్నాను. ఆమె గొర్రెపిల్ల చెవిలోంచి ముల్లు తీస్తూ విన్నది.

"నాకెందుకు చెప్తవన్నా? నీ పని అని నాకు ఆ పొద్దే ఎరుక. ఎరుక లేనోళ్లకు చెప్పు. బిడ్డకు సంబంధాలొస్తయి. ఏ ఊరంటరు. చెప్తం. మల్ల రారు."

ఆమె ఫోన్ నంబరు రాసుకుని, ఆ మాట పట్టుకుని ఆ ఊరు పోయాను. సేటు కేబుల్ మానేసి ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు. ఊళ్లో సగంమంది ఫోన్లలోనే అన్నీ చూస్తున్నారు. గుట్టమీద డిష్షులు తుప్పుపట్టి, జాలి చిరిగి, గాలి కూత కూడా మారింది, బొంగురుగా. సేటును తాళం అడిగి, కింద బిగించిన ఆ పెట్టెను ఊడదీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకుని దిగాను. చనిపోయినతని ఇంటికి తీసుకుపోయాను.

అతని అన్న గుర్తుపట్టాడు. "మల్ల ఏం తెచ్చినవ్ సారూ?" అన్నాడు. చెప్పకుండా, వాళ్ల టీవీకి ఆ పెట్టెను తగిలించాను. నా కంప్యూటర్ నుంచి దానికి తీగ కలిపాను. అతన్నే వాకిట్లో నాలుగడుగులు నడవమని ఫోన్లో వీడియో తీసి పెట్టెలోకి పంపాను. మీటలు నొక్కి ఆ ప్రశ్న దగ్గర పాత జవాబే పెట్టాను. తెరమీద అతను నడుస్తుండగా తీగ పీకాను. తెరమీది మనిషి ఒక కాలు లేపి అలాగే ఆగిపోయాడు.

"అరె," అన్నాడు అతను. తెరను చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

"ఆ పొద్దు గిట్లనే అయింది. దీనికి గిట్ల చెయ్యమని చెప్పింది నేనే. ఆమె కాదు. ఆమె మంద కాడ ఉండె," అన్నాను.

"మరి ఆ దినం మంచిగనే ఉందంటివి."

"మంచిగనే ఉండె. అందుకే అట్ల చేసింది. అట్ల చెయ్యమన్నది నేనని చెప్పలే."

అప్పటిదాకా మంచం మీద కూర్చున్న ముసలవ్వ అడిగింది. "గట్లయితె నా కొడుకు రాలేదంటవా బిడ్డా?"

పీకిన తీగను చేతికి చుట్టుకున్నాను.

"రాలేదవ్వా. ఫొటో అది."

"ఫొటో కండ్లార్పదు," అంది. "వాడు ఆర్పిండు. చాయ్ పెట్టినంక ఒక్కసారి ఆర్పిండు."

ఆగిన బొమ్మ రెప్ప వేయదని చెప్పబోయి ఆగాను. ఉన్నది ఉన్నట్టు చెబుతానని మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ సాయంత్రం గుట్టమీద గది తలుపు తీసినప్పుడు చిన్న టీవీలో ఆ కళ్లు సగం మూసి ఉన్నాయి. నేను మీట నొక్కే ముందు తలెత్తినప్పుడు పూర్తిగా తెరిచి ఉన్నాయి. సిగ్నల్ దీపం ఎర్రగానే ఉంది. కాలిపోయిన లైన్లో కరెంటు ఒక్క క్షణం కొట్టుకుని ఇంకో బొమ్మ ముక్క వచ్చిందేమో. పాత టీవీ తెరేమో. నా భయమేమో. పంచాయితీలో నోరు పెగలకపోవడానికి సేటు, డీలరు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. ఆ పొద్దున నాకే గట్టి నమ్మకం లేదు. అంతమాత్రాన ఆమె మీద పడ్డ నింద నిజం కాదు. తీగ తెగిన చోట బొమ్మను పట్టుకోమన్నది నేను. ఆ తర్వాత అక్కడ ఏం జరిగినా దానికి ఆమెతో సంబంధం లేదు.

ఇదంతా అవ్వకు చెప్పాను. ఆర్పడం చూశానని కూడా. ఆమె తలాడించింది, ముందే తెలిసిన సంగతిలా.

"గా పిల్లను రమ్మను," అంది.

పెద్దకొడుకు అడ్డుపడ్డాడు. "ఎందుకే అవ్వా? మిషనంటుండు గద. ఆమె ఏం చెయ్యలేదట."

"ఏం చెయ్యలేదని నాకు ఎరికైంది తియ్యి. అందుకే రమ్మంటున్న. వాడొచ్చిన పొద్దు వాని పక్కన నిలబడ్డది అదొక్కతే. కొంగు వట్టుకొని, తల వంచుకొని. వాడేమన్నడో దాన్ని అడగాలె."

గుమ్మంలో పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న తలవంచుకుని, "ఇల్లు గట్లనే ఉందని చెప్పు. తాళం ఎవ్వరు ముట్టలేదు," అన్నాడు.

బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాను. వెనక గొర్ల అరుపులు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ముసలవ్వ మాట కూడా. గొర్ల అరుపులు ఒక్కసారి ఆగాయి. లైన్ ఆగిపోయిందేమోనని ఫోన్ తెర చూశాను. తర్వాత ఆమె గొంతు వచ్చింది.

"వస్తనో రానో నా ఇష్టం. మా బిడ్డను జూడొచ్చెటోళ్లకు నేను ఎన్నిసార్లని చెప్పాలె? నువ్వు రాసి పెట్టు అన్నా. వాళ్లకిచ్చి సదువుకోమంట."